బిట్‌వార్డెన్ ఉచిత ప్లాన్, స్టీమ్ గార్డ్: గేమింగ్ అకౌంట్‌ను ఎంతవరకు కాపాడతాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి

కంప్యూటర్ గేమ్‌లు కొని ఆడుకునే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో అకౌంట్ పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువగా అనే మాట: "నా పాస్‌వర్డ్ ఎవరూ ఊహించలేరే, ఎలా పోయింది?" ఊహించాల్సిన పని దొంగకు లేదు. నకిలీ లాగిన్ పేజీ ముందు పెడితే మనమే టైప్ చేసి ఇస్తాం. లేదా ఆటలో అడ్డదారిన గెలిపిస్తానన్న ఏదో చీట్ ఫైల్‌లో దాక్కున్న మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్), బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నిటినీ ఊడ్చుకుపోతుంది. అదీ కాకపోతే, ఎప్పుడో వేరే సైట్ నుంచి లీకైన పాస్‌వర్డ్‌నే ఇక్కడా వాడుతూ ఉంటాం. గేమింగ్ అకౌంట్లు ప్రధానంగా పోయేది ఈ మూడు దారుల్లోనే. అందుకే పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్‌ను గానీ, పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్‌ను గానీ ఈ మూడింటిలో దేన్ని మూస్తుంది, దేన్ని మూయలేదు అని చూసి కొలవాలి. బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ ఉచిత ప్లాన్‌ను, స్టీమ్ సొంత టూ స్టెప్ వెరిఫికేషన్ అయిన స్టీమ్ గార్డ్‌ను, అకౌంట్ పోయాక స్టీమ్ సపోర్ట్ అందించే సేవను ఇక్కడ అలాగే చూశాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. బిట్‌వార్డెన్ ఉచిత ప్లాన్ గేమర్లలో చాలామందికి సరిపోతుంది, డబ్బు కట్టాల్సిన పని లేదు. స్టీమ్ గార్డ్ మొబైల్ యాప్ తప్పనిసరి, కానీ అది ఉందన్న ధీమాతో అకౌంట్లు పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం లేరు. స్టీమ్ సపోర్ట్ అకౌంట్‌ను తిరిగి ఇప్పిస్తుంది. అందులోంచి పోయిన వస్తువులను (ఆటలో వాడే ఆయుధాల అలంకరణల్లాంటివి) మాత్రం ఇప్పించదు. ఈ చివరి సంగతి తెలియకపోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. నెలకు సుమారు 77,000 అకౌంట్లు హైజాక్ అయి దోపిడీకి గురవుతున్నాయని 2015 డిసెంబర్‌లో స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ స్వయంగా ప్రకటించింది. బాధితులు కొత్తగా చేరిన అమాయకులేం కాదని, ప్రొఫెషనల్ ఆటగాళ్లు, ఆట వస్తువులను ఇచ్చిపుచ్చుకునే ఐటమ్ ట్రేడర్లు కూడా వాళ్లలో ఉన్నారని అప్పుడే చెప్పింది.

బిట్‌వార్డెన్: పాస్‌వర్డ్ నింపకపోవడమే దీని గొప్పతనం

బిట్‌వార్డెన్ 2016లో వచ్చింది. ఓపెన్ సోర్స్. ఉచిత ప్లాన్‌లోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని డివైజ్‌లలోనైనా పెట్టుకోవచ్చు. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేసారి వాడాలంటే డబ్బు కట్టమనే మేనేజర్లతో పోలిస్తే ఇది పెద్ద తేడా.

పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకోవడం ఏ మేనేజరైనా చేస్తుంది. గేమర్‌కు అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. బ్రౌజర్‌కు తగిలించుకునే బిట్‌వార్డెన్ ఎక్స్‌టెన్షన్ ప్రతి ఎంట్రీతో పాటు సైట్ చిరునామాను కూడా దాచుకుంటుంది. ఇప్పుడు తెరిచిన పేజీ చిరునామా దానితో సరిపోతేనే పాస్‌వర్డ్ చూపిస్తుంది. "బ్రో, మా టీమ్‌కి ఒక ఓటు వెయ్యి" అని స్నేహితుడి అకౌంట్ నుంచే లింక్ వస్తుంది (ఆ స్నేహితుడి అకౌంట్ అప్పటికే పోయి ఉంటుంది). నొక్కితే స్టీమ్ లాంటి పేజీయే తెరుచుకుంటుంది. చిరునామాలో ఒక అక్షరం తారుమారై ఉంటుంది. మన కన్ను దాన్ని దాటేస్తుంది, ఎక్స్‌టెన్షన్ దాటదు. దాని గుర్తు మీద ఉండాల్సిన అంకె కనబడదు, లిస్ట్ ఖాళీగా ఉంటుంది.

2022 నుంచి బాగా వ్యాపించిన ఇంకో ఎత్తుగడకూ ఇదే మందు. పేజీ లోపలే బొమ్మగా గీసిన ఒక బ్రౌజర్ విండో తెరుచుకుంటుంది. అందులో అడ్రస్ బార్ ఉంటుంది, తాళం గుర్తు ఉంటుంది, స్టీమ్ అసలు చిరునామా అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. ఆ విండోను మౌస్‌తో పట్టుకుని అసలు బ్రౌజర్ అంచు దాటించి చూడండి. దాటకపోతే అది బొమ్మే. ఈ పరీక్ష గుర్తు రాకపోయినా ఎక్స్‌టెన్షన్ మోసపోదు, ఎందుకంటే అది చూసేది బొమ్మలోని చిరునామాను కాదు, ట్యాబ్‌కున్న నిజమైన చిరునామాను.

ఈ రక్షణ సాధారణంగా తెగిపోయే చోటు ఒకటుంది. పాస్‌వర్డ్ కనబడకపోయేసరికి "ఎక్స్‌టెన్షన్ పనిచేయట్లేదు" అనుకుని వాల్ట్ (పాస్‌వర్డ్‌లన్నీ ఉండే పెట్టె) తెరిచి, స్టీమ్ అని వెతికి, కాపీ చేసి పేస్ట్ చేస్తారు. అక్కడితో అంతా అయిపోయినట్టే. దీన్ని నివారించాలంటే ముందే ఒక పని చేయాలి. స్టీమ్‌కు స్టోర్‌ది, కమ్యూనిటీది వేర్వేరు డొమైన్లు. రెండు చిరునామాలనూ ఒకే ఎంట్రీలో చేర్చి పెట్టండి. అలా చేస్తే అసలు సైట్‌లో ఎప్పుడూ పాస్‌వర్డ్ కనబడుతుంది. ఎప్పుడైనా కనబడలేదంటే అది హెచ్చరికే, ఆ ట్యాబ్ మూసేయాలి. పేజీ తెరుచుకోగానే దానంతటదే నింపేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, అలాగే ఉంచండి. కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే సరిపోయే పాస్‌వర్డ్ నిండుతుంది, అంతకన్నా సుఖం అక్కర్లేదు.

స్టీమ్ డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో మాత్రం ఈ ఎక్స్‌టెన్షన్ నింపలేదు, అక్కడ కాపీ పేస్ట్ తప్పదు. కాపీ చేసిన పాస్‌వర్డ్ క్లిప్‌బోర్డ్‌లో ఉండిపోకుండా 30 సెకన్లకో నిమిషానికో చెరిపేసే సెట్టింగ్ పెట్టుకోండి.

పెట్టుకునేటప్పుడు జరిగే తప్పులు

వాల్ట్ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే బిట్‌వార్డెన్ కంపెనీ కూడా ఏమీ చేయలేదు. అది వాళ్ల దగ్గర ఉండదు. అందుకని గుర్తుండేలా, అదే సమయంలో ఎవరికీ దొరక్కుండా పెట్టుకోవాలి. బిట్‌వార్డెన్‌లోనే ఉన్న పాస్‌ఫ్రేజ్ జనరేటర్ ఇంగ్లిష్ పదాలను యాదృచ్ఛికంగా ఏరి ఇస్తుంది. 7,776 పదాల జాబితా నుంచి ఏరితే ఒక్కో పదానికి దాదాపు 13 బిట్ల బలం వస్తుంది (ఒక్కో బిట్ పెరిగితే ఊహించడం రెట్టింపు కష్టం). నాలుగు పదాలంటే 52 బిట్ల లోపు, ఆరు పదాలంటే 77 పైన. ఆరు పెట్టుకోమనే మా సలహా. తెలుగు పదాలైతే గుర్తుంటాయనుకుంటే గొడుగు, తూనీగ, మజ్జిగ లాంటి సంబంధం లేని పదాలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవచ్చు. కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, "తూనీగ"ను మీరు ఎన్ని రకాలుగా స్పెల్ చేయగలరో చూసుకుని ఒకటే ఖాయం చేసుకోండి. మూడు నెలల తర్వాత తలుపు తెరుచుకోకపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే. రెండు, పదాలను మీరు ఆలోచించి ఎంచుకోవద్దు. నిఘంటువులో ఎక్కడపడితే అక్కడ తెరిచి వేలు పెట్టండి. సినిమా డైలాగులు, పాటల పల్లవులు, దేవుడి పేర్లు వద్దు, వాటి జాబితాలు దొంగల దగ్గర ఎప్పుడో ఉన్నాయి. తెలుగు లిపిలో అసలు పెట్టకండి, ఇంకొకరి కంప్యూటర్‌లోనో టీవీలోనో తెలుగు కీబోర్డ్ లేకపోతే ఇరుక్కుపోతారు. రాసిన కాగితాన్ని ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టడం తప్పేమీ కాదు. ఆన్‌లైన్ దొంగ మీ బీరువా దాకా రాడు.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం, పైగా మంచి అలవాట్లున్నవాళ్లే ఇందులో పడతారు. 2025 మార్చి నుంచి బిట్‌వార్డెన్, టూ స్టెప్ పెట్టుకోని అకౌంట్లకు కొత్త డివైజ్‌లో లాగిన్ అయినప్పుడు ఈమెయిల్‌కు ఒక కోడ్ పంపుతోంది. ఆ ఈమెయిల్ పాస్‌వర్డేమో వాల్ట్ లోపల ఉంటుంది. ఫోన్ పోయింది, కొత్త ఫోన్ కొన్నారు, వాల్ట్ తెరవాలంటే ఈమెయిల్ కావాలి, ఈమెయిల్ తెరవాలంటే వాల్ట్ కావాలి. ఈ చక్రంలో పడకుండా బిట్‌వార్డెన్‌కు కోడ్‌లు చూపించే ఆథెంటికేటర్ యాప్‌తో గానీ, పెన్‌డ్రైవ్ లాంటి సెక్యూరిటీ కీతో గానీ టూ స్టెప్ పెట్టండి, ఈ రెండూ ఉచిత ప్లాన్‌లోనే ఉన్నాయి. పెట్టాక ఇచ్చే 32 అక్షరాల రికవరీ కోడ్‌ను అదే కాగితం మీద రాయండి. ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

చిన్న విషయం కానీ చాలామందిని కంగారు పెడుతుంది: బిట్‌వార్డెన్‌కు అమెరికా సర్వర్, యూరప్ సర్వర్ వేర్వేరుగా ఉన్నాయి. ఒకచోట తెరిచిన అకౌంట్ రెండో చోట లాగిన్ కాదు. "పాస్‌వర్డ్ తప్పు" అంటుంటే ముందు లాగిన్ పేజీలో ఏ సర్వర్ ఎంచుకుని ఉందో చూడండి.

క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లను ఎక్స్‌పోర్ట్ చేసి దీనిలోకి తెచ్చుకోవడం తేలికే. అయితే ఎక్స్‌పోర్ట్ చేసిన ఆ ఫైల్ మామూలు టెక్స్ట్. ఇంపోర్ట్ అవ్వగానే దాన్ని డౌన్‌లోడ్స్ నుంచి, రీసైకిల్ బిన్ నుంచి తీసేయాలి. తర్వాత క్రోమ్‌లో ఉన్నవాటిని తుడిచేసి, పాస్‌వర్డ్‌లు సేవ్ చేయమంటారా అని అడిగే సెట్టింగ్‌ను ఆపేయాలి. ఈ ఆఖరి మెట్టు వదిలేస్తే మొత్తం శ్రమ వృథా, ఎందుకంటే సమాచారం దొంగిలించే మాల్‌వేర్ మొదట వెతికేది బ్రౌజర్‌లోనే.

ఎక్కడ పనిచేయదు

మాల్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లో ఏ పాస్‌వర్డ్ మేనేజరూ మిమ్మల్ని కాపాడదు. వాల్ట్ తెరిచి ఉన్నప్పుడు మాల్‌వేర్ దాన్ని చదవగలదు, మీరు నొక్కే అక్షరాలను పట్టుకోగలదు. అంతకన్నా ఎక్కువగా చేసే పని వేరే. పాస్‌వర్డ్ జోలికి వెళ్లకుండా, మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్న సెషన్ ఫైళ్లను ఎత్తుకుపోతుంది. వాటితో దొంగ మీలాగే లోపలికి వస్తాడు, ఓటీపీ అడగదు, కోడ్ అడగదు. ఉచిత చీట్లు, క్రాక్ చేసిన గేమ్‌లు, "మా గేమ్ టెస్ట్ చేసి పెట్టు" అని డిస్కార్డ్ చాట్ యాప్‌లో వచ్చే ఫైళ్లు దీని మామూలు దారులు. 2025 ఫిబ్రవరిలో పైరేట్‌ఫై అనే ఉచిత గేమ్ స్టీమ్ స్టోర్‌లోనే మాల్‌వేర్‌తో దొరికింది. వాల్వ్ దాన్ని తీసేసి, ఆడినవాళ్లకు హెచ్చరిక పంపింది, అవసరమైతే విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమంది. కాబట్టి స్టోర్‌లో ఉందన్నంత మాత్రాన ముక్కూమొహం తెలియని కొత్త గేమ్‌ను నమ్మేయకండి.

ప్రీమియం ప్లాన్‌లో ఓటీపీ కోడ్‌లను వాల్ట్‌లోనే పుట్టించే సౌకర్యం ఉంది, అందులో స్టీమ్ కోడ్‌లు కూడా వస్తాయి. అయితే దానికి స్టీమ్ యాప్‌లోని రహస్య కీని బయటికి తీయాలి. అలా తీసే బయటి టూల్స్ పేరుతో దొంగ టూల్స్ కూడా తిరుగుతున్నాయి. ఆ పని వద్దనే చెబుతాం. పాస్‌వర్డ్, కోడ్ రెండూ ఒకే పెట్టెలో ఉండటం కూడా మంచిది కాదు.

పాత పాస్‌వర్డ్ ఎక్కడైనా లీకైందేమో చూసుకోవడం ఉచిత ప్లాన్‌లోనూ కుదురుతుంది. ప్రతి ఎంట్రీలో పాస్‌వర్డ్ పక్కన ఒక చిన్న గుర్తు ఉంటుంది, నొక్కితే సెక్యూరిటీ నిపుణుడు ట్రాయ్ హంట్ నడిపే, లీకైన పాస్‌వర్డ్‌ల హావ్ ఐ బీన్ పోన్డ్ జాబితాతో సరిచూస్తుంది. మీ పాస్‌వర్డ్ అక్కడికి వెళ్లదు. దాని హ్యాష్‌లో (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన అక్షరాల వరసలో) మొదటి ఐదు అక్షరాలే వెళ్తాయి, మిగతా పోలిక మీ డివైజ్‌లోనే జరుగుతుంది. ఈమెయిల్, స్టీమ్, డిస్కార్డ్, ఫేస్‌బుక్ ఈ నాలుగిటికీ ఇవాళే చూసుకోండి.

స్టీమ్ గార్డ్

2011లో ఈమెయిల్ కోడ్‌గా మొదలైన స్టీమ్ గార్డ్ 2015లో మొబైల్ యాప్‌లోకి వచ్చింది. ఐదు అక్షరాల కోడ్, 30 సెకన్లకోసారి మారుతుంది. ఈమెయిల్ కోడ్‌తోనే సరిపెట్టుకున్నవాళ్లు యాప్‌కు మారడం మంచిది. ఈమెయిల్ పోతే ఆ కోడ్ కూడా దొంగకే వెళ్తుంది. పైగా యాప్ లేకపోతే ట్రేడ్‌లు (ఆట వస్తువుల మార్పిడులు) 15 రోజుల వరకు హోల్డ్‌లో పడతాయి.

లీకైన పాస్‌వర్డ్ దారిని స్టీమ్ గార్డ్ గట్టిగా మూస్తుంది. నకిలీ పేజీ దారిని మాత్రం సగమే మూస్తుంది. నకిలీ పేజీ మిమ్మల్ని కోడ్ కూడా అడుగుతుంది, మీరిచ్చిన కోడ్‌ను ఆ 30 సెకన్లలోనే అసలు స్టీమ్‌లో వాడేస్తుంది. క్యూఆర్ కోడ్ లాగిన్‌తో ఈ ప్రమాదం పెరిగింది. దొంగ అసలు స్టీమ్ నుంచి తెచ్చిన క్యూఆర్‌ను తన పేజీలో చూపిస్తాడు, మీరు ఫోన్‌తో స్కాన్ చేసి ఒప్పుకుంటే అతడి కంప్యూటర్ లాగిన్ అవుతుంది. ఇక్కడ పాస్‌వర్డ్ టైప్ చేసే పనే లేదు కనుక బిట్‌వార్డెన్ హెచ్చరికకు అవకాశమే లేదు. యాప్ ఒప్పుకోమని అడిగేటప్పుడు లాగిన్ ఏ ప్రాంతం నుంచి వస్తోందో చూపిస్తుంది. మీరు గుంటూరులో కూర్చుని ఉంటే అక్కడ వేరే దేశం పేరు ఎందుకుందో ఒక్క క్షణం ఆగి చూడండి. ఎవరో పంపిన లింక్‌లో తెరుచుకున్న పేజీలో క్యూఆర్‌ను ఎప్పుడూ స్కాన్ చేయొద్దు. చిరునామా మీరే టైప్ చేసిన పేజీలో, లేదా స్టీమ్ అప్లికేషన్‌లోనే చేయండి.

ఆర్ అక్షరంతో మొదలై ఐదు అంకెలుండే రికవరీ కోడ్ యాప్‌లో స్టీమ్ గార్డ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. దాన్నీ ఆ కాగితం మీద రాయండి. ఫోన్ పోతే దారి చూపేది అదే. అది లేకపోతే మిగిలేది ఫోన్ నంబర్‌కు వచ్చే ఎస్సెమ్మెస్. ఇక్కడ అమెరికాకో ఆస్ట్రేలియాకో చదువుకు వెళ్లే మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ఇండియా నంబర్‌ను కొన్ని నెలలు రీఛార్జ్ చేయకుండా వదిలేస్తే అది రద్దయి, తర్వాత ఇంకెవరికో వెళ్లిపోతుంది. విమానం ఎక్కేముందే స్టీమ్‌లో, ఈమెయిల్‌లో, ఫేస్‌బుక్‌లో నంబర్ మార్చే ఏర్పాటు చేసుకోవాలి.

అకౌంట్ పోయాక: వరస తప్పితే మళ్లీ పోతుంది

అకౌంట్ పోయిందని తెలియగానే అందరూ అదే కంప్యూటర్‌లో కూర్చుని స్టీమ్ పాస్‌వర్డ్ మారుస్తారు. కంప్యూటర్‌లో మాల్‌వేర్ ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకే అందుతుంది. ఈమెయిల్ దొంగ చేతిలో ఉంటే రీసెట్ లింక్ అతడికే వెళ్తుంది. అందుకే ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేసి పక్కన పెట్టండి. అనుమానం లేని ఫోన్‌లో, అన్నిటికంటే ముందు ఈమెయిల్ పట్టుకోండి. పాస్‌వర్డ్ మార్చి, మిగతా డివైజ్‌లన్నిటినీ సైన్ అవుట్ చేసి, రికవరీ నంబర్, రికవరీ ఈమెయిల్ మీవేనా చూడండి. జీమెయిల్ అయితే సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ తప్పకుండా చూడాలి. స్టీమ్ నుంచి వచ్చే మెయిల్స్‌ను వచ్చినవి వచ్చినట్టు చెత్తబుట్టలో పడేసే ఫిల్టర్‌ను దొంగ పెట్టి ఉండొచ్చు. ఫిల్టర్లు ఫోన్ యాప్‌లో కనబడవు, బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ వ్యూ పెట్టుకుని చూడాలి.

తర్వాత స్టీమ్ సపోర్ట్ సైట్, అంటే హెల్ప్ డాట్ స్టీమ్‌పవర్డ్ డాట్ కామ్. గూగుల్‌లో వెతక్కండి, టైప్ చేయండి. వెతికితే "స్టీమ్ కస్టమర్ కేర్ నంబర్" అంటూ మోసగాళ్ల నంబర్లు దొరుకుతాయి. స్టీమ్‌కు ఫోన్ సపోర్ట్ లేదు. డిస్కార్డ్‌లో గానీ స్టీమ్ చాట్‌లో గానీ "నేను స్టీమ్ ఉద్యోగిని" అని ఎవరైనా వస్తే మోసగాడే. అకౌంట్ దొంగతనం జరిగింది, తిరిగి కావాలి అనే ఎంపికతో పాత ఈమెయిల్, ఫోన్ నంబర్, అకౌంట్ పేరు ఇచ్చి ముందుకెళ్లాలి. దొంగ ఈమెయిల్ మార్చేసి ఉంటే పాత ఈమెయిల్‌కు స్టీమ్ నుంచి సమాచారం వచ్చి ఉంటుంది, దాన్ని డిలీట్ చేయకండి.

అకౌంట్ మీదేనని రుజువు అడుగుతారు. మొదట్లో వాడిన ఈమెయిల్, ఫోన్ నంబర్, కొన్న గేమ్‌ల రసీదు మెయిల్స్‌లోని కన్ఫర్మేషన్ నంబర్లు, వాలెట్ కోడ్‌లు, డిస్క్ బాక్స్ కొని ఉంటే దాని కీ ఫొటో. యూపీఐతో కొన్నవాళ్ల దగ్గర బ్యాంక్ యాప్‌లో లావాదేవీ నంబర్ ఉంటుంది, దాన్నీ రాయండి. టికెట్ ఒక్కటే వేయండి, అదనపు వివరాలను దానికే జత చేయండి. ఒకే విషయం మీద నాలుగు టికెట్లు వేస్తే పని తొందరగా జరగదు.

లోపలికి వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చి, డివైజ్‌లన్నిటినీ సైన్ అవుట్ చేయండి. ఫోన్ నంబర్, ఆథెంటికేటర్ మీవేనని నిర్ధారించుకోండి. ఆ తర్వాతి మెట్టును ఎక్కువమంది మరిచిపోతారు, అదే వెబ్ ఏపీఐ కీ పేజీ (బయటి ప్రోగ్రామ్‌లు స్టీమ్ సమాచారం చూడటానికి ఇచ్చే కీ ఉండే చోటు). దొంగ మీ పేరుతో అక్కడ ఒక కీ తీసుకుని ఉంటే, దాని ద్వారా మీ ట్రేడ్‌లను గమనిస్తూ ఉంటాడు. మీరు స్నేహితుడికి ఏదైనా పంపబోతే ఆ ఆఫర్ రద్దవుతుంది, వెంటనే అదే పేరు, అదే బొమ్మ ఉన్న ఇంకో అకౌంట్‌కు ఆఫర్ తయారవుతుంది. ఫోన్‌లో ఒప్పుకునేది మీరే. ఆ పేజీలో మీరు పెట్టని కీ ఉంటే వెంటనే రద్దు చేయండి. ట్రేడ్ లింక్‌ను (ఇతరులు మీకు ఆఫర్ పంపే లింక్) కూడా కొత్తది చేసుకోండి. ఇకమీదట ప్రతి ట్రేడ్ ఒప్పుకునేముందు అవతలి అకౌంట్ లెవెల్, చేరిన తేదీ చూడండి. పేరు, బొమ్మ కాపీ చేయగలరు కానీ చేరిన తేదీని కాపీ చేయలేరు.

కౌంటర్ స్ట్రైక్ 2 ఆటలో స్కిన్లు (ఆయుధాల అలంకరణలు) పోయినవాళ్లకు 2025 జులై నుంచి ఒక ఊరట ఉంది. ట్రేడ్ అయిన వస్తువులు ఏడు రోజులు రక్షణలో ఉంటాయి, ఆలోపు ట్రేడ్ హిస్టరీ నుంచి వెనక్కి తిప్పుకోవచ్చు. కానీ ఒక్క ట్రేడ్‌ను ఏరి తిప్పడం కుదరదు, ఆ రక్షణలో ఉన్నవన్నీ తిరుగుతాయి. తర్వాత 30 రోజులు మీరు ట్రేడ్ చేయలేరు, మార్కెట్ వాడలేరు. మిగతా వస్తువుల విషయంలో స్టీమ్ విధానం మారలేదు: పోయిన వస్తువులను తిరిగి సృష్టించి ఇవ్వరు. అలా ఇస్తే ఒకే వస్తువు రెండై విలువ పడిపోతుందన్నది వాళ్ల వాదన. వాదనలో న్యాయం ఉంది, కానీ నష్టమంతా బాధితుడి మీదే పడుతుంది. అకౌంట్ దొంగ చేతిలో ఉన్నప్పుడు అతడు చీట్ వాడి వ్యాక్ బ్యాన్ (చీట్లను పట్టే వాల్వ్ వ్యవస్థ వేసే నిషేధం) తెచ్చినా అంతే. అది శాశ్వతం, "అప్పుడు ఆడింది నేను కాదు" అన్నా తీయరు. సపోర్ట్ సేవలో మాకు అస్సలు నచ్చనిది ఇదే.

పక్కన పెట్టిన కంప్యూటర్ సంగతి చివర్లో చూడాలి. తెలియని ఫైల్ ఏదైనా నడిపి ఉంటే యాంటీవైరస్ స్కాన్‌తో తృప్తిపడకండి, విండోస్‌ను శుభ్రంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే నమ్మకం. ఆ కంప్యూటర్‌లో లాగిన్ అయి ఉన్న ప్రతి అకౌంట్‌కూ, గేమ్‌లవే కాదు, పాస్‌వర్డ్ మార్చి అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయాలి.

డబ్బు పోతే

బ్యాంక్ నుంచి గానీ యూపీఐ నుంచి గానీ డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పోకపోయినా ఫిర్యాదు చేయొచ్చు: వేరేవాళ్ల పాస్‌వర్డ్‌ను మోసంతో వాడటం ఐటీ చట్టం 66సీ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే నేరం. చాట్‌లు, దొంగ ప్రొఫైల్ లింక్, ట్రేడ్ హిస్టరీ స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. దొంగ మీ కార్డ్‌తో గేమ్‌లు కొని ఉంటే ముందు స్టీమ్ సపోర్ట్‌కు చెప్పండి. నేరుగా బ్యాంక్‌తో ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బును వెనక్కి తీసుకోవడం) వేయిస్తే స్టీమ్ ఆ అకౌంట్‌నే లాక్ చేస్తుంది. ఇండియా కార్డులకు ఓటీపీ ఉంటుంది కాబట్టి ఇక్కడ ప్రమాదం కొంత తక్కువ. అమెరికాలో ఉండే మనవాళ్లు కార్డ్ సేవ్ చేసి ఉంచితే ఓటీపీ లేకుండానే కొనుగోళ్లు జరిగిపోవచ్చు, అక్కడివాళ్లు సేవ్ చేసిన కార్డ్ తీసేయడమే మేలు. స్టీమ్ వాలెట్‌లో ఉన్న డబ్బుకు ఎక్కడా ఓటీపీ లేదు. వాడేంతే వేసుకోండి.

మొబైల్ గేమ్‌ల సంగతి

బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడేవాళ్లకు గేమ్‌కంటూ వేరే పాస్‌వర్డ్ ఉండదు, ఫేస్‌బుక్, గూగుల్, ఎక్స్ లాంటి అకౌంట్ల ద్వారానే లాగిన్. కాబట్టి గేమ్ అకౌంట్ పోయిందంటే చాలావరకు అలా లింక్ చేసిన అకౌంట్ పోయినట్టే, ముందు పట్టుకోవాల్సింది దాన్నే. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఫేస్‌బుక్ అకౌంట్‌తో లింక్ చేసినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. దాని పాస్‌వర్డ్ ఏళ్ల నాటిది అయ్యుంటుంది, దాని ఈమెయిల్ తెరిచి ఎన్నాళ్లయిందో. గూగుల్‌తో లింక్ చేసినవాళ్లు 2023 నుంచి అందుబాటులో ఉన్న పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ పిన్‌తోనో లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టుకోండి. నకిలీ పేజీలో పాస్‌కీ పనిచేయదు కనుక ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. బిట్‌వార్డెన్ ఉచిత ప్లాన్‌లో పాస్‌కీలు కూడా దాచుకోవచ్చు. "తక్కువ ధరకు యూసీ (ఆటలోని కరెన్సీ) వేస్తా, లాగిన్ వివరాలు పంపు" అనేవాళ్లకు వివరాలు ఇవ్వొద్దు.

ఎవరు ఏది తీసుకోవాలి

ఒంటరిగా ఆడుకునేవాళ్లకు ఉచిత ప్లాన్ చాలు. అకౌంట్ యజమానికి ఏదైనా అయితే ఇంట్లోవాళ్లు వాల్ట్ తెరవగలిగే ఎమర్జెన్సీ యాక్సెస్ కావాలంటే ప్రీమియం తీసుకోవాలి, మాకు కనబడిన గట్టి కారణం అదొక్కటే. ఎన్‌క్రిప్షన్ సెట్టింగ్స్‌లో ఆర్గాన్2ఐడీ (మాస్టర్ పాస్‌వర్డ్‌ను ఊహించడం కష్టం చేసే పద్ధతి) ఎంచుకునేవాళ్లు దాని మెమరీ విలువను డిఫాల్ట్‌గా ఉన్న దగ్గరే వదిలేయండి, పెంచితే ఐఫోన్‌లో ఆటోఫిల్ మొరాయించవచ్చు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గేమింగ్ కేఫ్‌లో ఆడేవాళ్లు అక్కడి కంప్యూటర్‌లో మాస్టర్ పాస్‌వర్డ్ ఎప్పుడూ టైప్ చేయకూడదు. స్టీమ్ అప్లికేషన్‌ను మీరే తెరిచి, అందులో కనబడే క్యూఆర్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి లాగిన్ అవ్వండి. ఆట అయ్యాక కేఫ్ కంప్యూటర్‌లో సైన్ అవుట్ నొక్కి ఊరుకోకండి. ఫోన్‌లోనే స్టీమ్ యాప్ తెరిచి, అనుమతించిన డివైజ్‌ల జాబితాలో కేఫ్ కంప్యూటర్‌ను వెతికి, దాన్ని అక్కడి నుంచి తొలగించి బయటికి రండి.